కొలవకుండా రాసిన అంకె

ఈ ఉదయం నువ్వు చార్టులో రాసిన నాడి, నిజంగా రోగి మణికట్టు పట్టుకుని లెక్కపెట్టి రాసిందేనా?

జవాబు నాకు చెప్పనక్కర్లేదు. నీ పక్కన కూర్చున్న స్నేహితురాలికీ చెప్పనక్కర్లేదు. ఒక్క నిమిషం చదవడం ఆపి నీకు నువ్వు చెప్పుకో. ఆ తర్వాతే ముందుకు చదువు. ఎందుకంటే ఇక్కడ రాస్తున్నది నర్సింగ్ వృత్తి ఎంత గొప్పదో చెప్పడానికి కాదు. ఆ మాట చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లోనూ మైకు పట్టుకుని ఉన్నారు. నేను చెప్పబోయేది నేను చేసిన ఒక తప్పు గురించి, ఆ తప్పుని ఒక పంతొమ్మిదేళ్ల పిల్ల మీదికి తోసెయ్యడానికి మేమందరం కలిసి పడ్డ పాట్ల గురించి.

కాకి అరిస్తే ఎవరొచ్చారు?

మా నాన్న టెక్కలిలో బడిపంతులు. ఆదివారం వచ్చిందంటే మా వీధి అరుగు మీద చర్చ పెట్టేవాడు. మూఢనమ్మకాలు, కులం, ఆడపిల్లల చదువు, ఏదైనా సరే. ఆయన దగ్గర ఒకటే ఆయుధం ఉండేది. ఎవరేం చెప్పినా, "నీకెలా తెలుసు?" అనేవాడు. ఒకసారి మా పిన్ని, పొద్దున్న కాకి అరిచింది కాబట్టి చుట్టాలొస్తారంది. "నీకెలా తెలుసు? నిన్నా అరిచింది, ఎవరొచ్చారు?" అన్నాడు నాన్న.

"నువ్వొచ్చినావు గదా బావా, సాలదేటి?" అంది పిన్ని. అరుగంతా నవ్వు. నాన్న కూడా నవ్వాడు గాని ఆ ప్రశ్నని మాత్రం వదల్లేదు.

ఆ ప్రశ్న వింటూ పెరిగాను. వార్డుల్లో పదేళ్లు నర్సుగా పనిచేసి, ఆ తర్వాత పలాసలో ఒక ప్రైవేటు నర్సింగ్ స్కూల్లో ట్యూటర్‌గా చేరాను. తొంభైల చివర మొదలుకొని చాలా ఏళ్లు అక్కడే. కిటికీ తీస్తే జీడిపిక్కలు కాల్చే పొగ తరగతిలోకి వచ్చేది. ఆ పొగలోనే పాఠాలు చెప్పాను. తాయెత్తు కట్టుకొచ్చిన పిల్లని "నీకెలా తెలుసు?" అని అడిగాను. పసికందు కళ్లలో కాటుక పెట్టిన తల్లినీ, జ్వరం వచ్చినవాడికి మంత్రం వేయించిన తండ్రినీ అడిగాను. అలా అడగడం నాకు గర్వంగా ఉండేది. వార్డులో మంచం కాళ్ల దగ్గర వేలాడే చార్టుని మాత్రం ఒక్కనాడూ అడగలేదు.

జడకి రెండు మార్కులు

మా స్కూల్లో "ప్రవర్తన" అని ఒక పద్దు ఉండేది. దానికి మార్కులు. ఆ మార్కులు వేసేది నేనే. ఏం చూసి వేసేదాన్నో చెప్తాను, సిగ్గుపడుతూనే చెప్తాను. జడ మడిచి వలలో పెట్టిందా, గోళ్లు కత్తిరించిందా, డాక్టరు వస్తే లేచి నిలబడిందా, పెద్ద సిస్టర్ కేకలేస్తే తల దించుకుందా. నాలుగూ చేసిన పిల్ల మంచి పిల్ల. వీటిలో రోగి ఎక్కడున్నాడో వెతుక్కోండి.

మొదటి సంవత్సరం పిల్లలకి దీపాల వేడుక చేసేవాళ్లం. తెల్ల బట్టలు, చేతిలో కొవ్వొత్తి, ప్రమాణం. మా కరస్పాండెంట్ ఆ చుట్టుపక్కల భూములున్న కుటుంబం వాడు, నాలుగు ఓట్లు తిప్పగలవాడు. మైకు పట్టుకుని, "మీరు మనుసులు కాదమ్మా, దేవతలు!" అనేవాడు. ఒక ఏడాది ఆయన రావడం రెండు గంటలు ఆలస్యమై, ఎండలో నిలబెట్టిన దేవతల్లో ఒకతె కళ్లు తిరిగి పడిపోయింది.

దేవత అనడంలో ఎంత మోసముందో ఆ రోజు నాకు సగమే అర్థమైంది. దేవతకి చేతితొడుగులు అక్కర్లేదు. భోజనానికి గంట అక్కర్లేదు. దేవత తప్పు చెయ్యదు కనక, తప్పయిందని చెప్పే వీలూ ఉండదు. "నాకు తెలియదు" అనే హక్కు మనిషికుంటుంది, దేవతకి ఉండదు. కొవ్వొత్తి మీద ప్రమాణం చేయించిన వారానికే ఆ పిల్లల్ని వార్డుకి పంపేవాళ్లం. అక్కడ మూడో సంవత్సరం పిల్ల, మొదటి సంవత్సరం పిల్లకి చార్టు నింపడం నేర్పుతుంటే నా చెవులతో విన్నాను.

"జొరం లేనోల్లందరికీ తొంభై ఎనిమిదీ నాలుగు ఎయ్యి. నాడి మాత్తరం అందరికీ ఒకటే ఎయ్యకే. డెబ్బయ్యారు, డెబ్బై ఎనిమిది, ఎనభై, అలగ మార్సి మార్సి ఎయ్యి. పట్టుకోరు."

"మరి లెక్కెట్టొద్దా అక్కా?"

"ముప్పై మందుంటే ఎప్పుడు లెక్కెడతావే? లెక్కెట్టీసరికి నీకు పెల్లీడు దాటిపోద్ది."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను విననట్టు నడిచి వెళ్లిపోయాను. మొదటి ఏడాది పిల్ల అడుగుతుంది. రెండో ఏడాది గొంతు తగ్గిస్తుంది. మూడో ఏడాది తర్వాతి పిల్లకి నేర్పుతుంది. ఇది పిల్లల దుర్గుణం అని అనేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. ముప్పై మంది రోగుల్ని ఒక్క పిల్లకి అప్పగించి, ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఊరుకోమని బెదిరించిన వాళ్లం మేము. ఆ పిల్ల ఇంకేం నేర్చుకుంటుంది?

ఆ వరసలోకి రాని పిల్ల ఒకతె వచ్చింది. పేరు నూకరత్నం. ఊరు అక్కుపల్లి. తండ్రి సముద్రం మీద చేపల వేటకెళ్తాడు, తల్లి చేపలు ఎండబెట్టి తట్టలో పెట్టుకుని అమ్ముతుంది. ఆ ఇంట్లో ఇంటర్ దాటిన మొదటి మనిషి రత్నమే. "నర్సుకి ఉండవలసిన పది గుణాలు రాయుము" అని నేను ప్రశ్న ఇస్తే, మిగతా వాళ్లందరూ నోట్సులో చెప్పిన పదీ వరసగా దించేశారు. రత్నం ఆరు రాసి, కింద "మిగిలిన నాలుగు గుర్తు లేవు" అని రాసింది. నిజాయితీ ఆ పదిలో మూడోది. నేను ఆరు మార్కులు వేసి, పక్కన ఎర్ర సిరాతో "అనవసరపు వాక్యం" అని రాశాను. ఆ కాగితం మొత్తంలో నర్సు గుణం కనిపించిన వాక్యం అదొక్కటే.

బొట్టు పెట్టిన జాడీ

మా పిల్లలకి వార్డు శిక్షణ టెక్కలి వైపు ఒక ఆసుపత్రిలో జరిగేది. పొద్దున్నే బస్సెక్కించుకుని నేనే తీసుకెళ్లేదాన్ని. ఆ ఏళ్లలో ఉద్దానం నుంచి కిడ్నీ జబ్బు మనుషులు ఒకరి తర్వాత ఒకరు రావడం మొదలైంది. కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో ఎండనక పని చేసిన మనుషులు. ముఖం ఉబ్బి, కాళ్లు నీరు పట్టి వచ్చేవారు. ఎందుకొస్తోందో ఎవరికీ తెలియదు. తెలియదని ఒప్పుకోలేనివాళ్లు మాత్రం నీళ్లనో, తిండనో, గ్రామదేవత కోపమనో కారణాలు చెప్పేసేవారు.

కిడ్నీ రోగి దగ్గర నర్సు చెయ్యాల్సిన పనుల్లో పెద్దది, చూడ్డానికి చాలా చిన్నది. రోజంతా లోపలికి ఎన్ని నీళ్లు వెళ్లాయో, బయటికి ఎంత మూత్రం వచ్చిందో కొలిచి రాయడం. బయటికి వచ్చినదాన్ని చూసి, దానికి కొంచెం కలిపి, అంతే నీళ్లు ఇవ్వాలి. ఎక్కువిస్తే ఆ నీరు వెళ్లేందుకు దారి లేక ఊపిరితిత్తుల్లో చేరుతుంది. మనిషి మంచం మీదే మునిగిపోతాడు.

ఆ వార్డులో మూత్రం కొలిచే జాడీ ఒకటుంది. గాజుది, గీతలు చక్కగా కనిపిస్తాయి. అది అద్దాల బీరువాలో తాళం వేసి ఉంటుంది. దసరా నాడు ఆయుధ పూజ చేసి దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టేవారు. ఆ బొట్టు ఏడాదంతా చెక్కు చెదరలేదంటే ఆ జాడీని ఎంత వాడారో మీరే ఊహించుకోండి. తాళం పెద్ద సిస్టర్ నడుముకి. అడిగితే, "పగిలిపోతే తనిఖీవోల్లకి ఏటి సూపిత్తాం?" అనేది. పూజ చెయ్యడానికి జాడీ ఉంది, కొలవడానికి లేదు. మూఢనమ్మకం అంటే చెట్టుకి గుడ్డ కట్టడమొక్కటే అనుకునే నాస్తికులు ఆ బీరువా ముందు కాసేపు నిలబడి ఉంటే బాగుండేది. నేను రోజూ నిలబడ్డాను, నాకే తట్టలేదు.

రత్నం తాళం కోసం దేబిరించలేదు. ఖాళీ అయిన ప్లాస్టిక్ సెలైన్ సీసాల మీద ఎంత మిగిలిందో చూసుకునే గీతలుంటాయి. వాటి మెడ కోసి, కడిగి, ఒక్కో కిడ్నీ రోగి మంచం కింద ఒక్కో సీసా పెట్టింది. సీసా మీద ప్లాస్టర్ అంటించి మంచం నంబరు రాసింది. సెలైన్ సీసాని బోర్లించి వేలాడదీస్తారు కనక, నిలబెడితే ఆ గీతలు తలకిందులుగా ఉన్నాయి. తెలిసిన కొలతతో నీళ్లు పోసి చూసుకుని సిరాతో కొత్త గీతలు గీసుకుంది. ఎవరూ నేర్పలేదు.

పూండి దగ్గరి జోగారావు అనే జీడితోట రైతు అప్పుడు ఏడో నంబరు మంచం మీద ఉండేవాడు. యాభై దాటిన మనిషి. నోరు మంచిది, ఊరికే ఉండదు.

"ఏటే పాపా, మీ యమ్మ సేపలు తూత్తాది, నువ్వు నా ఉచ్చ కొలుత్తన్నావేటే?"

"తూకంలో మా యమ్మ మోసం సెయ్యదు మావా. నానూ సెయ్యను. ఇదిగో, మూడొందలు. నిన్నటికంటే యాభై ఎక్కువ. నువ్వు దొంగతనంగా కొబ్బరి నీలు తాగినావేటి?"

"ఓలమ్మో, ఇది పోలీసే!" అని భార్య అప్పలమ్మ వైపు తిరిగి, "నువ్వే సెప్పీసినావు కాదేటి?" అనేవాడు.

"నాను సెప్పక్కర్నేదు. నీ మొకం సెప్తంది," అనేది అప్పలమ్మ.

డాక్టరు చార్టు చూసి, రత్నం రాసిన అంకెని బట్టి నీళ్లు లెక్క కట్టేవాడు. పది రోజుల్లో జోగారావు కాళ్ల వాపు కొంచెం తీసింది. ఆ ముక్క ప్రవర్తన మార్కుల్లో ఎక్కడా వెయ్యడానికి నా దగ్గర గడి లేదు.

తనిఖీ రోజు

ఆసుపత్రినీ, మా స్కూలు శిక్షణనీ చూడ్డానికి వచ్చే తనిఖీకి ముందు రోజు సాయంత్రం పెద్ద సిస్టర్ వార్డంతా కడిగించింది. మంచాల కింద కోసిన సీసాలు చూసి, "ఈ దరిద్రమంతా తీసి పారెయ్యండి," అంది. పారేశారు. బీరువా తలుపు తెరిచి జాడీ తుడిచి ముందు వరసలో పెట్టారు. మళ్లీ తాళం వేశారు.

మర్నాడు పొద్దున్న ఏడున్నరకి రత్నం వచ్చేసరికి సీసా లేదు. జోగారావుకి ఎంతయిందో కొలిచినవాళ్లు లేరు. అప్పలమ్మనడిగితే, "రెండు మూడు సార్లు ఎల్లినాడు పాపా," అంది. రత్నం చార్టులో ఆ గడి ఖాళీగా ఉంచింది.

ఎనిమిదింటికి నేను చార్టులు తిరగేసుకుంటూ వచ్చాను. తనిఖీ వాళ్లు బస్టాండు దాటారని కబురొచ్చింది. చేతిలో ముప్పై చార్టులు, కళ్లు ఖాళీ గడుల కోసమే వెతుకుతున్నాయి.

"రత్నం, ఇదేమిటి ఇక్కడ ఖాళీ?"

"కొలవనేదు మేడం. సీసా పారేసినారు."

"ఖాళీ కనిపిస్తే స్కూలు పరువు పోతుంది. ఎంతో కొంత వెయ్యి."

"ఎంతెయ్యమంటారు?"

"మామూలు మనిషికి ఎంతుంటుందో అంత."

"ఈ మావది మామూలు కాదు మేడం."

నేను చార్టు మీద పేరు కూడా చూడలేదు. "వాదించకు. రాయి," అన్నాను. నాన్న అరుగు మీద పెరిగిన మనిషిని, ఒక పిల్ల సరైన కారణంతో ఎదురు చెబితే "వాదించకు" అన్నాను. రత్నం నన్ను ఒకసారి చూసి, పన్నెండొందల మిల్లీలీటర్లు అని రాసింది.

తనిఖీ వాళ్లు వచ్చారు. జాడీ చూశారు. మెచ్చుకున్నారు. చార్టులు నిండుగా ఉన్నాయని రాసుకున్నారు. భావనపాడు రొయ్యలతో భోజనం చేసి వెళ్లారు. ఈలోగా డాక్టరు ఏడో నంబరు చార్టు చూశాడు. మూడొందలు అయ్యేవాడికి పన్నెండొందలు అయిందంటే కిడ్నీ పుంజుకుందనుకున్నాడు. ముందు రోజు నుంచి అతనికి వాంతులవుతున్నాయి కనక, ఒళ్లు ఎండిపోతుందని రెండు సెలైన్లు ఎక్కించమని రాశాడు. ఆ అంకె నిజమైతే ఆయన చేసినది సబబే.

మధ్యాహ్నం మూడింటికి అప్పలమ్మ కేక వినిపించింది. జోగారావు లేచి కూర్చుని నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాడు. అందరికంటే ముందు చేరింది రత్నం. ఎవరినీ అడక్కుండా సెలైన్ ఆపేసింది. వీపు వెనక దిళ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టి, ఆక్సిజన్ పెట్టి, డాక్టరు కోసం పరిగెత్తింది. విద్యార్థినికి సెలైన్ ఆపే అధికారం లేదు. ఆ అధికారం ఉన్నవాళ్లు అప్పటికి తనిఖీ వాళ్లని సాగనంపడానికి గేటు దగ్గరున్నారు. నేనూ అక్కడే ఉన్నాను.

అతన్ని జీపులో విశాఖపట్నం తరలించారు. బతికాడు. కొన్ని వారాలకి ఇంటికొచ్చాడు. మరుసటి ఏడాది జబ్బు ముదిరి పోయాడు. ఆ అంకె అతన్ని చంపిందని నేను అనను, దానికి నా దగ్గర రుజువు లేదు. ఆ మధ్యాహ్నం మంచం మీద అతను గాలి కోసం పడ్డ బాధ మాత్రం ఆ అంకె వల్లనే. దానికి నా దగ్గర రుజువుంది.

చెయ్యి, నోరు

మర్నాడు జోగారావు బావమరిది పదిమందిని వెంటేసుకొచ్చి, చార్టు రాసింది ఎవరని నిలదీశాడు. న్యాయమైన ప్రశ్న. జవాబుకి మాత్రం అందరూ తేలిక దారి వెతికారు. ఆసుపత్రి వాళ్లు స్కూలు మీదికి తోశారు. స్కూలు రత్నం మీదికి తోసింది.

కరస్పాండెంట్ గదిలో విచారణ. ఆయన, పెద్ద సిస్టర్, నేను, ఎదురుగా నిలబెట్టిన రత్నం. కాగితం ముందే టైపు చేసి ఉంది. "నేను కొలవకుండా అంకె రాశాను. ఇది పూర్తిగా నా సొంత నిర్లక్ష్యం. అనుమతి లేకుండా సెలైన్ ఆపినందుకు కూడా క్షమించవలెను." ప్రాణం నిలబెట్టిన పనిని నేరాల జాబితాలో చేర్చారు! చదివి, ఆ కాగితాన్ని రత్నం ముందుకి జరిపాను.

"సంతకం ఎట్టీ అమ్మా. నీ మంచికే సెప్తన్నాను. రెండు నెలలు ఇంటికాడుండి మల్లీ ఒచ్చీ," అన్నాడాయన, పెళ్లికి పిలిచినంత మెత్తగా.

రత్నం కాగితం రెండుసార్లు చదివింది. "మొదటి మాటకి ఎడతాను బాబూ. మిగతాది కొట్టీండి."

"ఎందుకు కొట్టాల?"

"రాసిన సెయ్యి నాదే. అది ఒప్పుకుంటాను. రాయమన్న నోరు నాది కాదు."

"ఎవులిదా నోరు?"

ఆమె నా వైపు చూడలేదు. ఈ రోజుకీ నన్ను బాధించేది అదే, చూడకపోవడం. "ఆ నోరున్నోల్లే సెప్పాల బాబూ. నాను సెప్తే సాడీ అవుద్ది," అంది.

ఆ గదిలో ముగ్గురం పెద్దవాళ్లం. పెద్ద సిస్టర్ కిటికీలోంచి బయటికి చూసింది. నేను టేబులు మీద పేపరు వెయిట్ చూశాను. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. వైస్ ప్రిన్సిపాల్ కుర్చీ వస్తుందని ఆశపడుతున్న రోజులవి, ఆ ఆశా ఉంది. రత్నాన్ని సస్పెండ్ చేశారు. విచారణ సక్రమంగా జరిగిందని కింద సాక్షి సంతకం చేసింది నేను.

దేవుడికి భయపడనని చెప్పుకునేదాన్ని. ఒక కరస్పాండెంటుకి భయపడ్డాను.

అక్కుపల్లి

తొమ్మిది రోజుల తర్వాత కరస్పాండెంట్ నన్ను పిలిచి ఆ కాగితమే చేతిలో పెట్టాడు. "ఆ పిల్ల నీ మాటింటాది. ఎల్లి సంతకం ఎట్టించుకొచ్చీ. నేకపోతే పేరు కొట్టీడమే," అన్నాడు. వెళ్లాను. చూశారా, అప్పటికీ వెళ్లాను!

సముద్రం ఒడ్డున ఇసక మీద పరిచిన చేపలు తిరగేస్తూ కనిపించింది రత్నం, తల్లి పక్కన. నన్ను చూడగానే తల్లి లేచి, "ఓలమ్మ, మేడమ్మొచ్చినాదే! సాప తెచ్చీ," అంది. చాప వేసి, కొబ్బరిబోండాం కొట్టి ఇచ్చింది. బోండాం తాగకుండా పక్కన పెట్టాను. కాగితం సంచిలోంచి తీయలేదు.

ఆ తల్లి చేపలు తిరగేస్తూనే అడిగింది, కోపం లేకుండా, దారి అడిగినట్టు.

"మేడమ్మా, ఆ అంకె ఎయ్యమన్నదెవులు? దీన్నెన్నిసార్లు అడిగినా సెప్పదు. మీకెరికేనా?"

తల్లికి కూడా చెప్పలేదు! తొమ్మిది రోజులు ఊరంతా దొంగ రాతలు రాసిన పిల్ల అంటుంటే, ఇంట్లో కూడా నా పేరు ఎత్తలేదు.

"నేనే," అన్నాను.

ఆమె చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది. "మరిన్నాల్లూ ఏటి సేసినారు?" అంది.

నాన్న అడిగే ప్రశ్నకంటే పదునైనది అది. నాన్నది తెలిసిందా లేదా అని అడుగుతుంది. ఇది తెలిశాక ఏం చేశావని అడుగుతుంది.

"ఊరుకోయే అమ్మా. సెప్పినారు గదా," అంది రత్నం. ఆ మాటలో క్షమ ఉందని నేను అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. అంతసేపూ దించి ఉన్న తల ఎత్తి, అప్పుడే మొదటిసారి నా మొహంలోకి చూసింది.

కాగితం తీసి వెనక్కి తిప్పాను. ఒడ్డున బోర్లించిన తెప్ప మీద పెట్టుకుని రాశాను. జాడీ ఎక్కడుందో, సీసాలు ఎవరు పారేయించారో, ఖాళీ గడిని ఎవరు నింపమన్నారో, సెలైన్ ఆపి మనిషిని ఎవరు కాపాడారో, సాక్షి సంతకం ఎందుకు పెట్టానో. చివర నా పేరు. రత్నం చదివి, "పెద్ద సిస్టర్ ఉత్త సీసాలనుకునే పారేయించింది మేడం, అవి కొలతకి పెట్టినవని ఆవిడకి తెలీదు. అది కూడా రాయండి," అంది. రాశాను. తనకి చెడు చేసిన మనిషి గురించి కూడా అబద్ధం ఉండకూడదట.

మర్నాడు ఒక ప్రతి కరస్పాండెంటుకి, ఒకటి ఆసుపత్రికి, ఒకటి జోగారావు బావమరిదికి ఇచ్చాను. "ఇంత సదువుకున్నావు, ఇంత తెలివితక్కువ పనేటమ్మా?" అన్నాడు కరస్పాండెంట్. బావమరిది చదివి, "ఆ పాప మా బావని బతికించినాదా!" అని అక్కడే కూలబడ్డాడు. అతని నోరు పెద్దది కనక, ఆ తర్వాత రత్నం పేరు కొట్టెయ్యడం ఎవరి వల్లా కాలేదు. కాని సస్పెన్షన్ ఎత్తేసేసరికి పరీక్షలు దాటిపోయాయి. ఆమె ఒక ఏడాది పోగొట్టుకుని కింది తరగతి పిల్లలతో కూర్చుంది. నన్ను వార్డు నుంచి తీసేసి లైబ్రరీలో కూర్చోబెట్టారు. కుర్చీ రాలేదు. నాకు పోయింది కుర్చీ, ఆమెకి పోయింది ఏడాది. ఈ రెండింటినీ ఎవరూ సమానం అనకండి.

జాడీని బీరువాలోంచి బయటికి తీశారు. ఆరు నెలల్లో అది పగిలింది. మరొకటి రాలేదు. కాని ఏ మంచం కింద చూసినా కోసిన సెలైన్ సీసాలు, వాటి మీద ప్లాస్టరు, నంబరు. వాటికి ఎవరూ బొట్టు పెట్టలేదు.

ఇప్పుడు నీ వంతు

నర్సింగ్ పిల్లలకి విలువలు నేర్పాలి అని సభల్లో మాట్లాడేవాళ్లని చూస్తే నాకు కోపం ఆగదు. రత్నానికి మేం ఏ విలువా నేర్పలేదు. ఆమె తన నిజాయితీని తల్లి తట్టలోంచి తెచ్చుకుంది. కుళ్లిన చేపని కుళ్లిందని చెప్పే ఇంటి నుంచి వచ్చింది. ప్రతి ఏడాదీ అలాంటి పిల్లలు వస్తూనే ఉన్నారు. వార్డు గుమ్మం దగ్గర చెప్పులతో పాటు దాన్నీ విప్పి రమ్మని చెప్పేది మనమే. విప్పిన పిల్లకి ప్రవర్తనలో మంచి మార్కులు, విప్పని పిల్లకి సస్పెన్షను.

ట్యూటర్లూ, మీ బీరువాల తాళాలు తియ్యండి. ఖాళీ గడి చూపించిన పిల్లని అందరి ముందూ మెచ్చుకోండి. మీ నోటితో చెప్పి రాయించిన దానికి మీ సంతకం మీరు పెట్టండి.

ఇక నువ్వు, ఈ పొద్దున్న చార్టు నింపి వచ్చిన అమ్మాయీ. రేపు డ్యూటీకి వెళ్లగానే, నువ్వు కొలవని ప్రతి గడిలోనూ "కొలవలేదు" అని రాయి. ఎందుకు కొలవలేదో రాయి. కింద నీ పేరు రాయి. ఎవరైనా వచ్చి ఎంతో కొంత వెయ్యమంటే, వాదించకు. నీ పెన్ను తీసి వాళ్ల చేతిలో పెట్టు.